బిగువు చూసే చేయి

కొత్త బెల్టుకు జాయింటు కన్నా ముందు లాగుడే ప్రాణం
సండూరు గనుల దారిలో తెలుగు ఫిట్టర్ల పనితనం

సండూరు (బళ్లారి జిల్లా): తెల్లవారుజాము నాలుగున్నర దాటింది. రాత్రి పదింటికి ఆపిన కన్వేయర్ ఇంకా లేవలేదు. ఎర్రమట్టి పట్టిన ఇనుప చట్రం మీద పన్నెండు మంది పనివాళ్లు. వల్కనైజింగ్ మిషను దగ్గర ఎనిమిది మంది చేరి పలకలు సర్దుతున్నారు. అందరి కళ్లూ అటే. ఒక్క పెద్దాయన మాత్రం అటు చూడడు. చైన్ బ్లాకులు ఆపించి, చేతిలో బ్యాటరీ లైటుతో కింది వరస రోలర్ల వెంబడి నడుస్తుంటాడు. రోలరుకూ రోలరుకూ మధ్య బెల్టు ఎంత వేలాడుతోందో వంగి చూస్తాడు. అక్కడక్కడ అరచేత్తో పైకి నెట్టి చూస్తాడు.

‘‘ఇంగా ఉందప్పా లోపల. తొందరపడి కోసేరు. ఇంగ కొంచెం లాగల్ల’’ అంటాడు వెనక్కి తిరిగి.

ఆయన వెతుకుతున్నది కంటికి కనిపించని పొడవు. జాయింటు వేయకముందే దాన్ని బయటికి లాగాలి. లాగకుండా జాయింటు వేస్తే, అది ఎంత బాగా అతికినా వారం పది రోజుల్లోనే మళ్లీ కోయాల్సి రావచ్చు. అందుకే బెల్టు పని తెలిసినవాళ్లు ముందు అడిగేది జాయింటు ఎవరు వేశారని కాదు... బెల్టు ఎవరు లాగారని!

ఎల్ల మారినా పని మారలేదు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కాయి. బళ్లారి, హొసపేటె, సండూరు వంటివి మైసూరులో కలిశాయి. కాగితం మీద గీత పడింది కానీ చుట్టరికాలు తెగలేదు. అక్కను రాయదుర్గంలో ఇచ్చి, చెల్లెల్ని కౌల్‌బజారుకు చేసుకున్న ఇళ్లు నేటికీ ఎన్నో.

సండూరు కొండల్లో ఇనుప రాయి తవ్వకం పెరిగాక ఆ ఇళ్ల నుంచి ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు గనుల బాట పట్టారు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ దోణిమలై గని 1977లో మొదలైంది. తర్వాతి కాలంలో తోరణగల్లు ఉక్కు కర్మాగారం వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు ఆదేశాలతో జిల్లాలో తవ్వకాలకు అడ్డుకట్ట పడినప్పుడు ఎందరికో పని పోయింది. గనులు మళ్లీ తెరుచుకున్నాక లారీల దుమ్ము కన్నా బెల్టు దారే మేలన్న మాట బలపడింది. సండూరు వైపు నుంచి తోరణగల్లుకు గొట్టంలా చుట్టుకుని పోయే పైప్ కన్వేయర్ కూడా వచ్చింది.

ఈ పని బళ్లారికే పరిమితం కాదు. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో పంచపట్మలి గని నుంచి దామంజోడికి బాక్సైటును మోసే బెల్టు పొడవు 14.6 కిలోమీటర్లు. అక్కడ లాగుడు భారమంతా బెల్టు కింద నడిచే ఉక్కు తాళ్లదే. తమిళనాట నైవేలి లిగ్నైటు గనుల్లోనూ, మహారాష్ట్రలో చంద్రపూర్ బొగ్గు ప్రాంతంలోనూ బెల్టు ఆగితే పని ఆగినట్టే. బెల్టు రకాలు వేరు కావచ్చు. ‘లాగి చూసి కోయి’ అన్న సూత్రం మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

కోడెకు పగ్గం.. డ్రమ్ముకు బెల్టు

బెల్టుకు బిగువు ఎందుకు? పెద్దాయన దగ్గర దీనికి పల్లెటూరి లెక్క ఉంది. పొగరుమోతు కోడెను ఒక్కడే ఆపాలంటే పగ్గాన్ని చెట్టు మొద్దుకు ఓ చుట్టు తిప్పుతాడు. కోడె ఎంత గుంజినా పగ్గం జారదు. అయితే ఒక షరతు. కొసను వాడు కొంచెమైనా బిగించి పట్టుకోవాలి. కొస వదిలేశాడో, చుట్టు ఉన్నా లేనట్టే. కోడె పోతుంది, పగ్గమూ పోతుంది.

కన్వేయర్‌లో డ్రమ్ము ఆ చెట్టు మొద్దు. రాళ్ల బరువు మోసుకొచ్చే పై వరస బెల్టు కోడె. డ్రమ్ము దాటి వెనక్కి వెళ్లే కింది వరస కొస. మోటారు తిరిగితే డ్రమ్ము తిరుగుతుంది. కొసలో బిగువు ఉంటేనే డ్రమ్ముతో పాటు బెల్టూ కదులుతుంది. లేదంటే డ్రమ్ము ఒక్కటే తిరుగుతూ బెల్టును రాపాడిస్తుంది. రబ్బరు కాలిన వాసన వస్తుంది. పట్టించుకోకపోతే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణిత శాస్త్రవేత్త ఆయిలర్ (1707-1783) ఈ పగ్గం కిటుకును సూత్రంగా రాశాడు. నేటికీ ఇంజినీర్లు వాడేది దాన్నే. రబ్బరు తొడుగున్న పొడి డ్రమ్ముకు బెల్టు అర చుట్టు తిరిగి ఉందనుకుందాం. వదులు వైపు ఒక టన్ను బిగువు ఉంటే బిగువు వైపు దాదాపు మూడు టన్నుల దాకా జారకుండా పట్టుకుంటుంది. అదే నున్నటి ఇనుప డ్రమ్ము వానకు తడిసి ఉంటే ఆ పట్టు ఒకటిన్నర టన్నుకు కూడా రాదు. వానాకాలం తొలి జల్లుకే కొన్ని కన్వేయర్లు మొండికేసేది ఇందుకే.

ఆ కొసను రాత్రింబవళ్లు పట్టుకుని ఉండేదే టేకప్. చిన్న కన్వేయర్లకు మర బోల్టులు తిప్పి బిగిస్తారు. పెద్దవాటికి కింది వరసలో ఒక డ్రమ్మును వేలాడదీసి దానికి బరువు కడతారు. పనివాళ్ల భాషలో అది ‘గ్రావిటీ’. నాలుగు టన్నుల బరువు వేలాడుతుంటే అది బెల్టు రెండు పాయల మీద పడుతుంది కాబట్టి ఒక్కో పాయలో బిగువు రెండు టన్నులు. బెల్టు సాగితే బరువు దిగుతుంది. బిగుసుకుంటే పైకి లేస్తుంది. మనిషి అక్కర్లేదు. కాకపోతే దిగడానికి చోటుండాలి!

ఆఖరి జాయింటు దగ్గరే అసలు కథ

బెల్టు చుట్టలుగా వస్తుంది. 500 మీటర్ల కన్వేయర్‌కు పై వరస, కింది వరస కలిపి వెయ్యి మీటర్లకు పైగా కావాలి. అంటే నాలుగైదు చుట్టలు. పాత బెల్టును కోసి, దాని కొసకు కొత్త బెల్టును కడతారు. ఒకవైపు పాతది బయటికి వస్తుంటే మరోవైపు కొత్తది లోపలికి పోతుంది. నడిమి జాయింట్లు లోపలికి పంపేటప్పుడే ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవచ్చు. వాటికి బిగువు బెడద లేదు. రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చి నిలిచే ఆఖరి జాయింటు దగ్గరే అసలు పరీక్ష. బెల్టు మొత్తం పొడవు అక్కడే తేలిపోతుంది.

మొదట మోటారుకు కరెంటు తీసేసి తాళం వేస్తారు. తర్వాత గ్రావిటీ బరువును పైకెత్తి, చట్రానికి అడ్డుదూలం పెట్టి, ఇనుప తాళ్లతో కట్టేస్తారు. రెండు కొసలకూ వెడల్పాటి క్లాంపులు బిగిస్తారు. క్లాంపుకు రెండు పక్కలా చైన్ బ్లాకులు తగిలించి మెల్లగా లాగుతారు. రెండు గొలుసులూ సమానంగా కదలాలి. ఒకపక్క ఎక్కువ లాగితే బెల్టు వంకరగా నిలుస్తుంది. ఆ వంకర మీదే జాయింటు పడితే, ఆ బెల్టు తిరిగినన్నాళ్లూ జాయింటు వచ్చినప్పుడల్లా పక్కకు పారిపోతుంది. ఏ రోలరు సర్దినా దారికి రాదు.

దాక్కున్న నాలుగు మీటర్లు

పెద్దాయన లైటు పట్టుకుని వెతికింది ఇక్కడే. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమనిపిస్తుంది.

మీటరుకు 15 కిలోలు తూగే బెల్టు. కింది వరసలో రోలర్ల మధ్య దూరం 3 మీటర్లు. బెల్టులో లాగుడు 100 కిలోలే ఉందనుకుందాం. రెండు రోలర్ల నడుమ బెల్టు సుమారు 17 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది. చూడ్డానికి అదేం పెద్ద విషయంగా అనిపించదు. కానీ ఆ వంపు వల్ల ఒక్కో అరలో రెండున్నర సెంటీమీటర్ల బెల్టు అదనంగా దాక్కుంటుంది. 500 మీటర్ల కింది వరసలో ఇలాంటి అరలు 166. అన్నీ కలిపితే నాలుగు మీటర్ల పైమాటే!

అదే లాగుడును 500 కిలోలకు పెంచితే వేలాడేది మూడున్నర సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఒక్కో అరలో దాగేది ఒక మిల్లీమీటరు. మొత్తం లెక్కేస్తే 17 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడానే సమస్య. వదులుగా ఉన్నప్పుడే కొలిచి, కోసి, జాయింటు వేస్తే ఆ నాలుగు మీటర్లూ బెల్టులోనే ఉండిపోతాయి. బరువు వదలగానే వంపులు సరళమై అంతా బయటికి వస్తుంది. రెండు పాయలు కాబట్టి బరువు అందులో సగం, అంటే రెండు మీటర్లు ఒక్కసారిగా దిగిపోతుంది. బెల్టు ఇంకా ఒక్క చుట్టూ తిరగలేదు, ఒక్క రాయీ మోయలేదు. అప్పుడే రెండు మీటర్ల చోటు ఖర్చయిపోయింది!

ఇంకో చిక్కు ఉంది. గొలుసు లాగిన చోట ఉన్న బిగువు ఆ చివర ఉండదు. 500 మీటర్ల బెల్టు బరువు ఏడున్నర టన్నులు. రోలర్ల మీద దాన్ని కదిలించడానికి నూటికి రెండు వంతుల బలం అనుకున్నా 150 కిలోలు దారిలోనే అరిగిపోతాయి. క్లాంపు దగ్గర బెల్టు తీగలా ఉంటుంది, అవతల చివర ఊయలలా వేలాడుతుంటుంది. అందుకే తెలిసినవాళ్లు ఒకే చోట నిలబడి లాగరు. కాస్త లాగి ఆపుతారు. బెల్టు పొడవునా నడిచి చూస్తారు. తిరగని రోలర్లను సరిచేస్తారు. అవసరమైతే రెండో వైపు నుంచీ లాగుతారు. మళ్లీ నడుస్తారు. పెద్దాయన ఆ రాత్రి అలా నాలుగుసార్లు నడిచాడు.

బరువు ఎక్కడ ఆగాలి?

కొత్త బెల్టు సాగుతుంది. బట్ట పొరలున్న ఈపీ బెల్టుకు కన్వేయర్ పొడవులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల టేకప్ చోటు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 500 మీటర్లకు ఏడున్నర నుంచి పది మీటర్లు. నైలాన్ బెల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. ఉక్కు తీగల బెల్టుకు అర శాతం లోపే చాలు.

కాబట్టి జాయింటు వేసే సమయానికి బరువు ప్రయాణంలో పై భాగంలోనే ఉండాలి. మరీ పైకి ఆనించి కట్టకూడదు. పైన కూడా పదో వంతో, తయారీదారు చెప్పినంతో చోటు వదలాలి. బరువు పై దూలానికి తగులుకుని ఆగితే అది వేలాడుతున్నట్టు కనిపిస్తుంది కానీ బిగువు దాని అదుపులో ఉండదు. పైగా రేపు జాయింటు దెబ్బతింటే కోసి మళ్లీ వేయడానికి ఇవ్వాల్సిన పొడవు ఎక్కడి నుంచి రావాలి?

ఎంత బలంతో లాగాలన్నది బెల్టు రకాన్ని బట్టి, కన్వేయర్‌ను బట్టి మారుతుంది. తయారీదారు కాగితంలో అంకె ఉంటే అదే ప్రమాణం. గొలుసుకు డైనమోమీటరు తగిలించి చూసుకోవచ్చు. అది లేనిచోట కింది వరస వేలాడటమే కొలబద్ద. లాగాక సుద్దతో అడ్డగీత గీస్తారు. జాయింటు మెట్లకు పోయే పొడవు కలుపుకుంటారు. ఒకటికి రెండుసార్లు కొలుస్తారు. ఆ తర్వాతే కత్తి పడుతుంది. వేడి జాయింటుకు సుమారు 145 డిగ్రీల వేడి, దానికి తగ్గ ఒత్తిడి, తగినంత సమయం... ఇవన్నీ కాగితంలో ఉంటాయి, మిషను మీద కనిపిస్తాయి. లాగుడుకు మాత్రం అలాంటి గడియారం లేదు. అందుకే ఆ పని ఎవరి వంతో తేలక మరుగున పడిపోతుంటుంది.

ఒక రాత్రి తొందర

చాలా ఏళ్ల కిందటి మాట. పేరెందుకు కానీ, ఈ చుట్టుపక్కలదే ఓ ప్లాంటు. ఎనిమిది గంటల షట్‌డౌన్‌లో ఆరు గంటలు పాత బెల్టు తీయడానికే సరిపోయాయి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ‘కొసలు కలిశాయి కదా, ఇంకేం చూస్తారు?’ అన్నారు. పెద్దాయన అప్పటికి కుర్ర ఫిట్టరు. ఎదురు చెప్పే ధైర్యం లేదు. చేత్తో లాగినంత లాగి జాయింటు వేసేశారు. జాయింటు మాత్రం అద్దంలా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

బరువు వదిలితే సగానికి దిగి ఆగింది. తొమ్మిదో రోజు నేలకు తగిలింది. బరువు నేల మీద కూర్చుంటే బెల్టులో ఇక బిగువు ఎక్కడిది? డ్రమ్ము జారడం మొదలైంది. బెల్టు పక్కలకు తిరిగి చట్రాన్ని ఒరుసుకుంది. కొత్త బెల్టు అంచు పీచుపీచుగా ఊడింది. మళ్లీ షట్‌డౌన్. ఆ అద్దంలాంటి జాయింటును కోసి పారేసి కొత్తగా వేశారు. ‘‘ఆ పొద్దు రెండు గంటలు మిగిల్చినామనుకున్నాం. వారానికే రెండు షిఫ్టులు పోయె’’ అని ఆయన ఇప్పటికీ తల పట్టుకుంటాడు.

అలాగని బిగువెక్కువైతే మంచిదనుకోకూడదు. నాలుగు వైపుల నుంచీ చైన్ బ్లాకులు వేసి వడి తిప్పినట్టు లాగేస్తే డ్రమ్ముల ఇరుసులు వంగుతాయి. బేరింగులు ముందే అరిగిపోతాయి. జాయింటు మీద పగలూ రాత్రీ భారం పడుతుంది. చదును దారి నుంచి ఎత్తుకు తిరిగే వంపుల దగ్గర ఖాళీ బెల్టు రోలర్ల మీంచి గాల్లోకి లేస్తుంది. బెల్టుకు కావాల్సింది జారనంత, వేలాడనంత బిగువు. అంతకు మించినది నష్టమే.

లాగు.. సాకు!

బెల్టు కోయడం తేలికే. కోసిన క్షణం ఏం జరుగుతుందో తెలియకపోతేనే ప్రాణం మీదికొస్తుంది. ఏటవాలు కన్వేయర్‌నే తీసుకోండి. 14 డిగ్రీల వాలులో 200 మీటర్లు ఉంటే పైకీ కిందికీ ఎత్తు తేడా 48 మీటర్లు. మీటరుకు 15 కిలోల బెల్టు మీద ఒక్క రాయి లేకపోయినా, దాని సొంత బరువే 700 కిలోలకు పైగా బలంతో కిందికి గుంజుతుంటుంది. క్లాంపు వేయకుండా కోస్తే ఆ కొస పాములా లేచి కిందికి దూసుకుపోతుంది. అడ్డంగా ఎవరున్నా అంతే సంగతులు. పైకెత్తిన గ్రావిటీ బరువును చైన్ బ్లాకు మీదే వదిలేసి కింద నడవడం కూడా అలాంటిదే.

సరిహద్దు జిల్లాలో దీనికి తోడు మరో ముప్పుంది. అది భాషతో వచ్చేది. ఒక గ్యాంగులో తెలుగువాళ్లు, కన్నడిగులు, బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కలిసి ఉంటారు. తెలుగువాడు గొలుసు తిప్పమంటే ‘లాగు’ అంటాడు. కన్నడవాడు ఇక చాలంటే ‘సాకు’ అంటాడు. పక్క కన్వేయర్ చప్పుడులో, గాలి విసురులో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒకటి లాగమనడం, ఇంకోటి ఆపమనడం! మధ్యలో ‘బస్’ అని ఇంకెవరో అరుస్తారు. ‘వదులు’ అంటే గొలుసు వదలమనా, బెల్టు వదులుగా ఉందనా అన్న సందేహం ఇంకొకరిది.

అందుకే పెద్దాయన పని మొదలుపెట్టే ముందు అందర్నీ నిలబెట్టి ఒకటే చెబుతాడు. నోటి మాట వద్దు. సైగ చేసేది ఒక్కడే. ఈల ఒకసారి మోగితే లాగడం, రెండుసార్లు మోగితే మెల్లగా వదలడం. పొడుగ్గా మోగితే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. ఆ ఆపే ఈల మాత్రం ఎవరైనా ఊదొచ్చు. కుర్ర హెల్పరు ఊదినా ఇంజినీరు సైతం ఆగాల్సిందే.

ఇవి తప్పనిసరి

కన్వేయర్ల భద్రతకు భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 7155, రూపకల్పనకు ఐఎస్ 11592 ఉన్నాయి. వాటితో పాటు బెల్టు మార్చే రోజు పనివాళ్లు మరవకూడనివి ఇవి...

* మోటారుకు కరెంటు తీశాక ఎవరి తాళం వాళ్లే వేసుకోవాలి. తాళంచెవి వాళ్ల జేబులోనే ఉండాలి. అందరి తాళాలూ తీశాకే కరెంటు.

* గ్రావిటీ బరువును ఎత్తి, దూలంతోనో ఇనుప తాళ్లతోనో చట్రానికి కట్టాలి. కట్టాక కూడా దాని కిందికి ఎవరినీ రానివ్వకూడదు.

* కోసే చోటుకు రెండు వైపులా క్లాంపులు పడి, అవి గట్టి చట్రానికి కట్టి ఉంటేనే కత్తి పట్టాలి. రోలర్ల స్టాండుకు కట్టడం కట్టినట్టు కాదు.

* చైన్ బ్లాకు, స్లింగు, షాకిల్ ఎంత భారానికి పనికొస్తాయో చూసుకోవాలి. లాగేటప్పుడు గొలుసుకు ఎదురుగా, బెల్టు కొసకు వరసలో నిలబడకూడదు.

* జాయింటు ఆరి, క్లాంపులు తీశాక బరువును మెల్లగా దించాలి. ఒక్కసారిగా వదలకూడదు.

* ఖాళీగా తిప్పి చూశాకే రాయి వేయాలి. బరువు ఎక్కడ ఆగిందో రాసి పెట్టాలి. మొదటి వారాల్లో తరచూ చూస్తుండాలి.

తెలుగు లెక్క.. కన్నడ అక్షరం

ఆ ఆఖరి మాట, ‘రాసి పెట్టాలి’ అన్నదే ఇప్పుడు పెద్దాయన దిగులు. ఆయన దగ్గర అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటుంది. ఏ కన్వేయర్‌కు ఏ ఏడు బెల్టు మార్చారు, ఎక్కడ కోశారు, బరువు పైనుంచి ఎన్ని మూరల దగ్గర ఆగింది, నెలకు ఎంత దిగింది... అన్నీ గొలుసుకట్టు తెలుగులో ఉన్నాయి. ఏ కంపెనీ కాగితంలోనూ లేని లెక్కలవి. కాంట్రాక్టర్లు మారారు, ఇంజినీర్లు బదిలీ అయ్యారు, పుస్తకం ఒక్కటే నిలిచింది.

ఆయన వెంట ఇప్పుడు పనికి వస్తున్నది మేనల్లుడు. బళ్లారిలో కన్నడ మీడియంలో చదివాడు. ఐటీఐ చేశాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు కానీ చదవడం నేర్చుకోలేదు. రెండు లిపులూ అన్నదమ్ముల్లాంటివే కాబట్టి అచ్చు అక్షరాలైతే తడుముకుంటూ పోల్చుకుంటాడు. మామ గొలుసుకట్టు రాత దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. పెద్దాయనకు వచ్చే ఏడాది పని మానేయాలని ఉంది. మోకాళ్లు నిచ్చెనలు ఎక్కనివ్వడం లేదు.

అందుకని ఇద్దరూ ఒక దారి వెతుక్కున్నారు. సెలవు రోజున అరుగు మీద కూర్చుని మామ చదువుతాడు. అల్లుడు కొత్త పుస్తకంలో రాసుకుంటాడు. మాట తెలుగే, అక్షరం కన్నడ. మూరలూ జానలూ మీటర్లవుతున్నాయి.

‘‘మామా, ‘మూడు మూరల కింద ఆగె, మంచిదే’ అని రాసినావు. మంచిదే అంటే ఎట్ల రాసుకోవల్ల?’’ అని అడిగాడు అల్లుడు ఓరోజు.

‘‘అట్లనే రాయి. ఆ బెల్టు ఆరేండ్లు తిరిగె. అందుకే మంచిది’’ అన్నాడు మామ.

ఆ తెల్లవారి నాలుగోసారి నడిచొచ్చాక పెద్దాయన ‘ఇంగ సాలు’ అన్నాడు. సుద్దగీత పడింది. కత్తి పడింది. పొద్దెక్కేదాకా జాయింటు ఉడికింది. మధ్యాహ్నం రెండింటికి తాళాలన్నీ తీశాక బరువును గుప్పెడు గుప్పెడుగా దించారు. కన్వేయర్ ఖాళీగా తిరిగింది. అందరూ జాయింటు డ్రమ్ము మీదుగా ఎలా పోతోందో చూడ్డానికి పైకెక్కారు.

మామా అల్లుళ్లు మాత్రం కంచె అవతల నిలబడి గ్రావిటీ వైపు చూశారు. బరువు రెండుసార్లు ఊగి, చట్రం మీద గీసిన గుర్తుకు జానెడు కింద నిలిచింది. అల్లుడు జేబులోంచి పుస్తకం తీశాడు. అంకె రాసి, పక్కన ఏం రాయాలా అని మామ ముఖం చూశాడు.

‘‘ఇప్పుడే వద్దు. నెల పోనీ’’ అన్నాడు పెద్దాయన.